ఏకలవ్యుల బ్యాండుమేళము

భారతమున ఏకలవ్యుని కథ నెరుగనివారు మన గ్రామములలో లేరు. ద్రోణాచార్యుడు విద్య చెప్ప నొల్లకపోగా, ఆ నిషాద బాలుడు అడవిలో గురువుయొక్క మట్టిబొమ్మను నిలుపుకొని, దాని యెదుట విలువిద్య నభ్యసించి, అర్జునునకే కలవరము పుట్టించెను. అయితే ఆ కథలో ఒక సందేహమును మాత్రము పౌరాణికులు తీర్పలేదు. బొమ్మ చేయునపుడు చేయి తప్పి ద్రోణుని ఎడమ భుజము కొంచెము వంకరగా వచ్చినదనుకొందము. శిష్యుడు ఆ వంకరనుగూడ విద్యలో భాగమని నమ్మి, తానును భుజము వంచియే బాణము వేసియుండునా?

ఇది ఊరకే అడిగిన ప్రశ్న కాదు. ఇరువదవ శతాబ్ది నడుమ ఇంగ్లండులో కొందరు యువకులు ఇట్టి బొమ్మ గురువునే ముందుంచుకొని సంగీతము నేర్చిరి. ఆ బొమ్మ గ్రామఫోను రికార్డు. అందలి వంకరలను వారు భక్తితో ఎట్లు అనుకరించిరో, ఆ భక్తిని వారిలో ఒకడే వెనుదిరిగి చూచి ఎట్లు నవ్వుకొనెనో తెలిసికొనదగినది.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున లండను నగరమునకు ఆగ్నేయముగా, కెంటు మండలములోని బార్న్‌హర్‌స్టు అను చోట, ‘రెడ్ బార్న్’ అను పానశాల యుండెడిది. సమీపమున నున్న క్రేఫర్డులో వికర్స్-ఆర్మ్‌స్ట్రాంగ్ వారి ఆయుధ కర్మాగారము కలదు. అందు పనిచేయు జార్జి వెబ్ (1917-2010) అను యువకుడు పియానో వాయించువాడు. పగలు తుపాకుల పని, రాత్రి పాట. అతడు తనవంటివారిని కొందరిని కూర్చుకొని ఒక మేళమును కట్టెను. వారిలో వృత్తి విద్వాంసులు లేరు. వారికి కావలసిన సంగీతము నాటి పెద్ద హోటళ్లలో ధనికులు నాట్యమాడుటకు వాయించు మెత్తని సంగీతము కాదు. ఇరువది యేండ్ల క్రిందట అమెరికాలో నీగ్రో జాతివారని నాడు పిలువబడిన నల్లవారు వాయించిన తొలినాటి జాజ్ సంగీతము వారికి కావలెను. అది నేర్పువారు ఇంగ్లండులో లేరు. దొరకినది గ్రామఫోను రికార్డులు మాత్రమే.

ఈ కోరికలో రాజకీయమును కలదు. అణగద్రొక్కబడినవారి నోట, శ్రామికుల చేత పుట్టిన సంగీతమని వామపక్షమువారు జాజ్‌ను గౌరవించిరి. న్యూయార్కులో 1938 డిసెంబరు 23వ తేదీన కార్నెగీ హాలున నల్లవారి సంగీతమునకై జరిగిన ప్రసిద్ధ సభకు ‘న్యూ మాసెస్’ అను వామపక్ష పత్రిక ధనసహాయము చేసెను. ఇంగ్లండులోను యంగ్ కమ్యూనిస్టు లీగు యువకులు ‘ఛాలెంజ్’ అను తమ పత్రిక పేరనే ఒక జాజ్ సంఘమును నడిపిరి. కావున ఈ పాత రికార్డులు వారికి వినోద వస్తువులు మాత్రమే కావు, ప్రజల సంగీతమునకు మూల గ్రంథములు.

ఆ మూల గ్రంథములలో ముఖ్యమైనవి ‘కింగ్’ ఆలివర్ అను బిరుదుతో ప్రసిద్ధుడైన జో ఆలివర్ యొక్క బృందము 1923లో ఇచ్చిన రికార్డులు. ఆలివర్ న్యూ ఆర్లియన్సునుండి షికాగో చేరిన కార్నెట్టు విద్వాంసుడు. కార్నెట్టనగా పొట్టి బాకా. అతని ప్రక్కన రెండవ కార్నెట్టు వాయించినవాడు, తరువాత జగద్విఖ్యాతుడైన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. జానీ డాడ్స్ క్లారినెట్టు. మన పెండ్లి ఊరేగింపులలో బ్యాండుమేళమువారు ఊదెడిది అదియే. అతని తమ్ముడు బేబీ డాడ్స్ డోళ్లు, లిల్ హార్డిన్ అను యువతి పియానో. 1923 ఏప్రిలులో వీరు ఇండియానా రాష్ట్రమందలి రిచ్‌మండ్ పట్టణమునకు పోయి, జెనెట్ కంపెనీవారి గదిలో మొదటిసారి వాయించిరి.

ఆ గది ఎట్టిదో తెలియనిదే ఆ రికార్డులను చదువుట తెలియదు. అప్పటికి విద్యుత్తుతో శబ్దమును గ్రహించు పద్ధతి రాలేదు. అది 1925లో వచ్చినది. గోడనుండి ఒక పెద్ద గరాటు వెలికి వచ్చియుండును. వాయించువారందరు దాని నోటికెదురుగా గుమిగూడవలెను. ఆ శబ్దపు బలముతోనే ఆవల నున్న సూది కదలి, తిరుగుచున్న మైనపు బిళ్లపై గీత గీయును. పెద్దడోలును గట్టిగా మోదిన సూది ఎగిరిపడి బిళ్ల చెడును. కావున పెద్దడోలు పనికిరాదు. బేబీ డాడ్స్ అంతటి మేటి డోలువాడు చిన్న కొయ్యదిమ్మెలను టకటక తట్టుచు కూర్చుండవలసి వచ్చెను. నిలువెత్తు తంత్రీవాద్యమైన బాసు యొక్క మంద్రస్వరము గరాటున కందదు. కావున బాసు వాయించు బిల్ జాన్సన్ దానిని వదలి బాంజో పట్టెను. ఆర్మ్‌స్ట్రాంగ్ ఊదిన ఊదునకు గురువుయొక్క ధ్వని మరుగున పడుచున్నదని, అతనిని 12, 15 అడుగుల వెనుకకు పంపి నిలిపిరని లిల్ హార్డిన్ తరువాతి కాలమున చెప్పెను. ఆ కట్టడము ప్రక్కనే రైలు పట్టాలుండుటచే, బండి వచ్చినప్పుడు పని నిలుపవలసియుండెను. పాట ఎంత రసవత్తరముగా సాగుచున్నను సుమారు 3 నిమిషములలో ముగియవలెను, ఏలనన రికార్డుపై అంతకుమించి చోటు లేదు.

ఇంకొక ముచ్చట కలదు. ‘డిప్పర్‌మౌత్ బ్లూస్’ అను కృతి వాయించునపుడు బేబీ డాడ్స్ తాను ఒంటరిగా వాయించవలసిన ఘట్టమును మరచెను. మేళమాగిపోయినచో బిళ్ల వ్యర్థము. బిల్ జాన్సన్ సమయస్ఫూర్తితో వాయించుమని గట్టిగా కేక వేసి ఆ ఖాళీని పూరించెను. ఇది బేబీ డాడ్స్ తానే చెప్పుకొన్న సంగతి. ఆ పొరపాటు మైనమున కెక్కినది, అచ్చయినది, అమ్ముడు పోయినది. 1925లో ఫ్లెచర్ హెండర్సన్ బృందము అదే కృతిని ‘షుగర్ ఫుట్ స్టాంప్’ అను పేర వాయించినపుడు కేకనుగూడ వదలలేదు. అటుపిమ్మట ఆ కృతిని ఎత్తుకొన్నవారెవరైనను ఆ చోట కేక వేయకున్న శాస్త్రభంగమే. ఒకని మతిమరుపు తరువాతివారికి సంప్రదాయమైనది.

ఇప్పుడు ఇంగ్లండు ఏకలవ్యుల సంగతి. జార్జి వెబ్ మేళములో ఆలివర్ బృందమునందు వలెనే రెండు కార్నెట్టులు పెట్టిరి. బాంజో పెట్టిరి. మంద్రస్వరమునకు తంత్రీవాద్యమునకు మారుగా ట్యూబా అను పెద్ద ఇత్తడి కొమ్మును పెట్టిరి. పాత రికార్డులలో చెవికి స్పష్టముగా అందునవి ఈ వాద్యములే గదా. ఈ త్రోవను పట్టిన పునరుద్ధారకులలో పలువురు డోలువాండ్రు కొయ్యదిమ్మెలు తట్టుటయే న్యూ ఆర్లియన్సు పరమ రహస్యమని భావించిరి. గరాటు యొక్క చెవుడు శిష్యులకు శాస్త్రమైనది. లెక్కలో వ్రాయని చెట్టు చేనిలోనే లేదని వాదించు అధికారివలె, రికార్డున వినబడనిది ఆ సంగీతమున లేనేలేదని వారు నిశ్చయించిరి.

దీనిని చూచి నవ్వినవారిలో మేటి జార్జి మెల్లీ (1926-2007). ఇతడు లివర్‌పూలున పుట్టెను. నౌకాదళమున సేవ చేయుచుండగా అరాజకవాద గ్రంథములను పంచి చిక్కులు తెచ్చుకొన్న వామపక్షీయుడు. బడిలో చదువుకొను దినములలో బెస్సీ స్మిత్ రికార్డు విని ఈ సంగీతమునకు దాసుడయ్యెను. శాస్త్రము నేర్చిన గాయకుడు కాడు, అభిమానమే పెట్టుబడిగా మిక్ మల్లిగన్ యొక్క మేళములో పాడ మొదలిడినవాడు. 1965లో అతడు ‘ఓనింగ్ అప్’ అను స్వీయచరిత్రను ప్రకటించెను. ఆ పేరునకు నేరము నొప్పుకొనుట యని అర్థము. ఊరూర తిరుగు మేళపు మోటారు బండి, త్రాగుడు, దరిద్రము, అన్నిటికిని మించి పాత రికార్డులపై తమకుండిన మూఢభక్తి, వీనినన్నిటిని దాపరికము లేక చెప్పి, పరులకంటె ముందు తన్ను తానే హాస్యము చేసికొనెను. వెబ్ మేళములో క్లారినెట్టు ఊదిన వాలీ ఫాక్స్ (1924-2023) వ్యంగ్య చిత్రకారుడు. ‘ఫ్లూక్’ అను అతని చిత్రకథకు మెల్లీ చాలకాలము మాటలు వ్రాసెను. తమ ఇలవేల్పును చూచి నవ్వగల భక్తులు అరుదు. ఈ ఇద్దరు అట్టివారు.

నవ్వలేనివారు ఏమి చేసిరో చూడుడు. వెబ్ మేళమున 1947లో చేరి, మరుసటి యేడు సొంత మేళము పెట్టుకొన్న హంఫ్రీ లిటిల్టన్ 1953లో బ్రూస్ టర్నర్ అను శాక్సఫోను విద్వాంసుని చేర్చుకొనెను. శాక్సఫోను శుద్ధ సంప్రదాయమునకు విరుద్ధమని కొందరు రసికులకు కోపము వచ్చెను. బర్మింగ్‌హాము పురమందిరమున టర్నర్ వాయించుచుండగా, ఇంటికి పొమ్మని తిట్టుచు ఒక పెద్ద బట్టపై వ్రాసి ఎత్తిపట్టిరి. వారు ప్రమాణముగా చూపిన ఆలివర్ మాత్రమేమి చేసెను? 1923వ సంవత్సరము చివరి రికార్డులలోనే అతని బృందమున శాక్సఫోను కలదు. 1926 నాటికి అతని మేళమున మూడు శాక్సఫోనులు చేరినవి. బర్మింగ్‌హాము భక్తుల సభకు ఆలివర్ స్వయముగా వచ్చియుండినచో అతనికిని ఆ బట్టయే స్వాగతము పలికియుండును.

ఆలివర్ ఎన్నడును రాజాలడు. ఈ చరిత్రలో నవ్వు ఆగవలసిన చోటు ఇది. చిగుళ్ల వ్యాధిచే ఊదుట కష్టమై, మేళము చెదరి, అతడు జార్జియా రాష్ట్రమందలి సవానా పట్టణమున చిక్కుకొనెను. బిలియర్డు ఆటలగదిలో ఊడ్చు పని చేసి పొట్ట పోసికొనెను. న్యూయార్కునకు పోవుటకు రైలు ఖర్చులకై పైసలు కూడబెట్టుచున్నానని సోదరికి జాబులు వ్రాసెను. 1938 ఏప్రిలులో అక్కడనే మరణించెను. అతని పలుకును అచ్చువేసిన జెనెట్ కంపెనీ అచ్చుయంత్రములే, సొమ్ము చెల్లించినవారి కోరికపై, నల్లవారిని హింసించిన కూ క్లక్స్ క్లాన్ సంఘమువారి రికార్డులనుగూడ అచ్చువేసినవి. యంత్రమునకు పక్షపాతము లేదని కొందరందురు. మనుష్యులకు లేకుండునా? రికార్డు ఆలివర్ ఊపిరిని 3 నిమిషములు దాచినది. అతని ఆకలిని దాచుటకు అందు గాడి లేదు. అతడు పోయిన కొలది యేండ్లకే, అతని మొగమైన చూడని తుపాకుల కార్మికులు సముద్రమున కావల అతనిని ఆచార్యుడని కొలిచిరి. ద్రోణుడు శిష్యుని బొటనవ్రేలు కోరెను. ఈ ద్రోణునకు శిష్యులున్నారని తెలియనే తెలియదు.

వంకర తీరిన విధమును చెప్పవలెను. లూయిజియానాలోని న్యూ ఐబీరియా అను ఊర బంక్ జాన్సన్ అను వృద్ధుడు పండ్లును బాకాయును పోగొట్టుకొని కాయకష్టము చేయుచుండెను. ‘జాజ్‌మెన్’ అను గ్రంథమును (1939) కూర్చినవారు అతనిని జాబుల ద్వారా కనుగొనిరి. అతనికి కట్టుడు పండ్లును బాకాయును సమకూర్చిరి. 1942లో అతని పలుకు రికార్డున కెక్కెను. 1944లో న్యూ ఆర్లియన్సున ఒక నాట్యశాలలో విలియం రసెల్ ఆ బృందముచే వాయింపించి రికార్డు చేసెను. అప్పటికి గరాటు పోయి విద్యుద్యంత్రము వచ్చినది. ఆ బృందమున డోళ్లు వాయించినవాడు మరెవరో కాదు, బేబీ డాడ్స్. 1923లో కొయ్యదిమ్మెలు తట్టిన ఆ చేతులే ఇప్పుడు పెద్దడోలును మ్రోగించినవి. ఈ రికార్డులు ఇంగ్లండు చేరినపుడు, ఇన్నాళ్లు తాము అభ్యసించినది ఆ డోలువాని విద్యను కాదని, అతని నిర్బంధమునని వివేకులు గ్రహించిరి.

ఇది పరుల కథ యని మనము నవ్వి ఊరకుండరాదు. మన రంగస్థల నటులు వేదికపై రాగము తీసి తీసి, ‘వన్స్ మోర్’లతో సాగదీసిన పద్యములు, గ్రామఫోను రికార్డున కెక్కునప్పుడు ఆ 3 నిమిషముల కొలతకే కుదింపబడినవి. రికార్డు ముగిసిన చోటనే గాయకుని ఊపిరియు ముగిసినదనుకొనుట పొరపాటు. తాళపత్ర గ్రంథములు వ్రాసిన లేఖకులు, మాతృక యెట్లుండెనో అట్లే వ్రాసితిమి, తప్పులు మావి కావని చివర చెప్పుకొనెడివారు. అట్టి తప్పులనుగూడ పాఠముగా భావించి అర్థములు లాగిన వ్యాఖ్యాతలు కలరు. బ్రౌను దొరవంటివారు పెక్కు ప్రతులను తెప్పించి, పండితులచే ఒకదానితో నొకటి సరిచూపించిరి గనుకనే మన కావ్యములకు మేలు కలిగినది.

గ్రంథాలయము పట్ల కృతజ్ఞత చూపు మార్గమును ఇదియే. వెబ్, అతని మిత్రులు చేసినది అపరాధము కాదు. వారు ఆ పాత రికార్డులను నెత్తిన పెట్టుకొనకున్న, ఆలివర్ పేరు ఆ తరమున ఇంగ్లండులో అంతమంది నోట పలికెడిది కాదు. వంకర బొమ్మయైనను, బొమ్మ లేకున్న ఏకలవ్యునకు విద్యయే లేదు. అయితే ఒక ప్రతి చదివినవాడు రెండవ ప్రతిని గూడ అడుగవలెను. ప్రతి పుట యెదుటను, ఇది వ్రాసినవాని గరాటున కందనిదేమి యని విచారింపవలెను. మెల్లీ వలె తన తప్పును చూచి తానే నవ్వగలవాడు ఆ రెండవ ప్రతికై చేయి చాచుటకు సిగ్గుపడడు. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమున తలుపు తెరచియుంచిన గ్రంథాలయము అట్టి పాఠకులకు ఇకముందును ఒక పుస్తకము ప్రక్కన మరియొక పుస్తకమును అందించుచుండుగాక.