అర సెకను ఆలస్యం

2024 మార్చి చివరి వారం. ఆండ్రెస్ ఫ్రాయిండ్ ముందు ఒక లినక్స్ యంత్రం. ఉద్యోగం మైక్రోసాఫ్ట్‌లో, కాపురం శాన్ ఫ్రాన్సిస్కోలో, పని పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద. ఆ పూట ఆయనకు కావలసింది ఒక్కటే, యంత్రం కాసేపు ఊరుకోవడం. డేటాబేస్ వేగాన్ని సూక్ష్మంగా కొలవాలంటే వెనకాల ఇంకే ప్రోగ్రామూ మెసలకూడదు.

యంత్రం ఊరుకోవడం లేదు. ఎస్‌ఎస్‌హెచ్‌డీ అనే ప్రోగ్రాం ప్రాసెసర్‌ను తినేస్తోంది. దూరంగా ఉన్న సర్వర్‌లోకి లాగిన్ కావడానికి లోకమంతా వాడేది అదే. మాదాపూర్‌లో కూర్చుని అమెరికా సర్వర్లను సంబాళించే కుర్రాళ్లు రోజూ లోపలికి వెళ్లేదీ దాని గుండానే. ఇంటర్నెట్‌కు తగిలించిన యంత్రం మీద లేనిపోని యూజర్ పేర్లతో ఎవడో ఒకడు ప్రయత్నిస్తూనే ఉంటాడు, భంగపడి పోతూనే ఉంటాడు. వింత అది కాదు. ఆ భంగపాటుకే ఇంత ప్రాసెసర్ ఎందుకు ఖర్చవుతోందన్నదే వింత.

ఫ్రాయిండ్ కొలిచారు. తప్పుడు పేరుతో లాగిన్ విఫలం కావడానికి ఇదివరకు 0.299 సెకను. ఇప్పుడు 0.807.

అర సెకనును పట్టించుకునేవాళ్లు లోకంలో కొద్దిమందే. వేగాలు కొలవడమే వృత్తి అయిన మనిషి కంట అది పడడం, నా ఉద్దేశంలో, అదృష్టం తప్ప ఇంకేమీ కాదు. ఆయన పెర్ఫ్ అనే కొలత సాధనం పెట్టి చూశారు. సమయమంతా లిబ్‌ఎల్‌జెడ్ఎంఏ అనే లైబ్రరీలో పోతోంది. అందులో ఏ ఫంక్షన్‌లో అంటే పెర్ఫ్ పేరు చెప్పలేకపోతోంది. అప్పుడు కొన్ని వారాల కిందటి సంగతి గుర్తొచ్చింది. పోస్ట్‌గ్రెస్ పరీక్షల చిట్టాలో, ప్యాకేజీలు కొత్తవి వేశాక, మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ ఏదో అర్థంకాని ఫిర్యాదు చేసింది. అప్పుడాయన జర్మనీలో అమ్మానాన్నలను చూసి విమానంలో తిరిగొస్తున్నారు. తర్వాత చూద్దాంలే అనుకున్న ఫిర్యాదు అది.

లిబ్‌ఎల్‌జెడ్ఎంఏ పని ఫైళ్లను కుదించడం. లాగిన్‌తో దానికేం సంబంధం? ఎస్‌ఎస్‌హెచ్‌డీ ఉండే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ను రాసినవాళ్లు దాన్ని ఎన్నడూ కోరలేదు. డెబియన్ లాంటి లినక్స్ పంపిణీలు, ఎస్‌ఎస్‌హెచ్‌డీ మొదలయ్యాక ‘నేను సిద్ధం’ అని, యంత్రంలోని సేవలను నడిపే సిస్టమ్‌డీకి కబురు పంపేలా ఒక ప్యాచ్ వేసుకున్నాయి. ఆ కబురు కోసం లిబ్‌సిస్టమ్‌డీ వచ్చింది. అది తన చిట్టాలను కుదించుకోవడానికి లిబ్‌ఎల్‌జెడ్ఎంఏను వెంటేసుకొచ్చింది. ఒక చిన్న కబురు కోసం, లాగిన్‌కు కాపలా కాసే ప్రోగ్రాంలోకి దానితో ఏ పనీ లేని లైబ్రరీ చేరిపోయింది. ఈ గొలుసు ఎవరో కూర్చుని నిర్ణయించింది కాదు.

ఇక్కడినుంచి కథ రెండున్నరేళ్లు వెనక్కి, ఫిన్లాండ్‌కు వెళ్లాలి.

లిబ్‌ఎల్‌జెడ్ఎంఏ ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే ప్రాజెక్టులో భాగం. దాన్ని ఏళ్ల తరబడి దాదాపు ఒంటరిగా నడుపుతున్నది లాసె కొలిన్. జీతం లేదు, తీరిక వేళల్లో చేసే పని. 2021 అక్టోబరులో జియా టాన్ అనే పేరుతో ఒక చిన్న ప్యాచ్ వచ్చింది. నిరపాయకరమైనదే. తర్వాత ఇంకొకటి, మరొకటి. ఓపిక, మర్యాద, పని తెలిసిన తనం.

2022 ఏప్రిల్‌లో ఇంకో గొంతు వినిపించింది. జిగర్ కుమార్ పేరుతో సణుగుడు మొదలైంది: ప్యాచ్‌లు ఏళ్లూపూళ్లూ మూలుగుతున్నాయి, కొత్త నిర్వాహకుడు వస్తే తప్ప ఈ ప్రాజెక్టు కదలదు. డెనిస్ ఎన్స్ అనే పేరు కూడా తోడైంది. జూన్‌లో కొలిన్ జవాబు రాశారు. ఆసక్తి పోలేదనీ, చాలాకాలంగా ఉన్న మానసిక ఆరోగ్య సమస్యల వల్ల ఎక్కువ చేయలేకపోతున్నాననీ, ఇది డబ్బు రాని పని అన్నది గుర్తుంచుకోవాలనీ అందులో ఉంది. జియా టాన్‌కు మున్ముందు పెద్ద పాత్ర దక్కవచ్చని కూడా ఉంది. సానుభూతి చెబుతూనే డెనిస్ ఎన్స్ ఒత్తిడి ఆపలేదు.

ఈ సణిగిన పేర్లకు అంతకుముందూ ఆ తర్వాతా ఎక్కడా జాడ లేదు. నన్ను కలచివేసేది ఆ ఉత్తరాలు దొంగవి కావడం కాదు, వాటిని ఎవరూ అనుమానించకపోవడం. పైసా ఇవ్వకుండా వాడుకునే నిజమైన వాడుకరులు కూడా అచ్చం ఇలాగే రాస్తారు మరి.

2023 మార్చి నాటికి విడుదలలు కట్టే పని జియా టాన్ చేతికొచ్చింది. ఆ జూన్‌లో హాన్స్ యాన్సెన్ పేరుతో ఐఫంక్ అనే ఏర్పాటు వచ్చి చేరింది. ఏ ప్రాసెసర్‌కు ఏ ఫంక్షన్ వేగంగా నడుస్తుందో ప్రోగ్రాం లేచేటప్పుడే ఎంచుకునే పద్ధతి అది. వేగం కోసమన్నారు. ప్రోగ్రాం ఇంకా కళ్లు తెరవకముందే లైబ్రరీలోని కోడ్ నడిచే వీలు దానివల్ల ఏర్పడింది.

2024 ఫిబ్రవరి 23న రెండు పరీక్షా ఫైళ్లు చేరాయి. కుదింపు లైబ్రరీకి పాడైపోయిన ఫైలిస్తే తట్టుకుంటుందా అని చూడడానికి కావాలనే చెడిన ఫైళ్లు ఉంచుతారు. ఎవరు తెరిచినా చెత్తే కనిపించాలి, కనిపించింది. మర్నాడు 5.6.0 విడుదలైంది.

అసలు కిటుకు ఆ విడుదల మూటలో, టార్‌బాల్‌లో ఉంది. గిట్‌లో అందరికీ కనిపించే సోర్సులో లేని బిల్డ్-టు-హోస్ట్.ఎం4 స్క్రిప్టు రూపం టార్‌బాల్‌లో ఉంది. పెళ్లిలో వంటశాలలోకి ఎవరైనా తొంగి చూడవచ్చు. విషం కలిసింది వడ్డించే బకెట్‌లో. టార్‌బాల్‌లో గిట్‌కు లేని ఫైళ్లు ఉండడం మామూలే, కన్ఫిగర్ స్క్రిప్టు లాంటివి విడుదల వేళే తయారవుతాయి. పైగా ఎం4లో రాసిన స్క్రిప్టు చదవడం ఎవరికీ సరదా కాదు. అది కన్ఫిగర్ నడిచేటప్పుడు ‘చెడిన’ ఫైలులోని బైట్లను అటూ ఇటూ మార్చి బాగుచేసేది. అందులోంచి ఒక షెల్ స్క్రిప్టు బయటికొచ్చేది. ఆ స్క్రిప్టు రెండో ఫైలులోంచి ముందే కంపైల్ చేసిన కోడ్ ముక్క తీసి లైబ్రరీలో కలిపేసేది. అదీ డెబియన్ ప్యాకేజీగానో ఆర్‌పీఎంగానో, మామూలు 64 బిట్ యంత్రానికి కడుతుంటేనే. తన ఇంట్లో సరదాగా కంపైల్ చేసుకునే మనిషికి ఏమీ కనపడదు.

ఫిబ్రవరి 26న మరో చిన్న పని జరిగింది. లాండ్‌లాక్ అనే రక్షణ కవచం యంత్రంలో ఉందా అని సీమేక్ బిల్డ్ ఫైలు ఒక బుల్లి ప్రోగ్రాం కంపైల్ చేసి చూస్తుంది. ఆ ప్రోగ్రాంలో ఒక వరుస మొదట్లో ఒంటరిగా ఒక చుక్క పెట్టారు. చుక్క వల్ల కంపైల్ కాదు. కాదు గనుక కవచం లేదనుకుంటుంది. లేదు గనుక వాడదు.

ఈలోగా సిస్టమ్‌డీ వాళ్లు, ఈ కుట్ర సంగతి తెలియకుండానే, లిబ్‌ఎల్‌జెడ్ఎంఏను అవసరమైనప్పుడు మాత్రమే ఎక్కించుకునేలా మార్పు మొదలుపెట్టారు. అది వాడుకలోకి వస్తే గొలుసు తెగిపోతుంది. జియా టాన్ వైపు కనిపించిన తొందర దానివల్లేనని నా అనుమానం. వాల్‌గ్రైండ్ ఫిర్యాదులను సర్దేస్తూ మార్చి 9న 5.6.1 వచ్చింది. మార్చి 25న హాన్స్ యాన్సెన్ పేరే మళ్లీ లేచి, కొత్త వెర్షన్ తీసుకోమని డెబియన్‌ను అడిగింది.

మార్చి 28న ఫ్రాయిండ్ డెబియన్ భద్రతా బృందానికి రహస్యంగా చెప్పారు. మర్నాడు, గుడ్ ఫ్రైడే నాడు, లోకానికి చెప్పారు. లైబ్రరీలో కలిపిన ఆ కోడ్ ఒక దొడ్డిదారి. అది లాగిన్‌లో తాళంచెవులు సరిచూసే ఫంక్షన్‌ను పట్టుకుంది. దాడి చేసినవాడి దగ్గరున్న ఒకే ఒక్క రహస్య తాళంచెవితో వచ్చిన ఆదేశాన్ని అది లాగిన్ అవసరం లేకుండానే నడిపిస్తుంది. తీవ్రత పదికి పది వేశారు. డెబియన్ టెస్టింగ్, ఫెడోరా 40 బీటా, ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ లాంటి ముందు వరుస వెర్షన్లలోకి అది అప్పటికే చేరింది. కంపెనీల సర్వర్లు నడిచే నిలకడ వెర్షన్ల దాకా ఇంకా రాలేదు. డెబియన్ వెనక్కి మళ్లింది. వెర్షన్ సంఖ్య వెనక్కి పోకూడదు గనుక ఆ ప్యాకేజీకి ‘5.6.1 ప్లస్ రియల్లీ 5.4.5’ అని పేరు పెట్టింది. ఉబుంటు 24.04 బీటాను వారం వాయిదా వేసి బైనరీలన్నీ మళ్లీ కట్టుకుంది. గిట్‌హబ్ ప్రాజెక్టును మూసేసి, జియా టాన్ ఖాతాతో పాటు కొలిన్ ఖాతాను కూడా ఆపేసింది. మోసపోయినవాడి ఖాతా కూడా!

జియా టాన్ ఎవరో, ఒకడో పదిమందో, నేటికీ తేలలేదు.

ప్రాజెక్టు మళ్లీ కొలిన్ చేతికొచ్చింది. లాండ్‌లాక్ చుక్కను ఆయన మార్చి 30నే తీసేశారు. తర్వాత జియా టాన్ చేసిన మార్పులన్నీ తిరగేసి చూడాల్సి వచ్చింది. మే 29న 5.6.2 విడుదలైంది. దొడ్డిదారి పోయింది, ఐఫంక్ కూడా పోయింది. ఐఫంక్ తీసేయడానికి విడుదల వివరాల్లో ఆయన చూపిన కారణం మాత్రం భద్రత కాదు: ఈ ప్రాజెక్టులో దానివల్ల కలిసొచ్చే వేగం మరీ కొంచెమనీ, దానికోసం ఇంత చిక్కుముడి మోయడం దండగనీ.