బస్సు ఆగినా మనము ఆగము: జడత్వ సూత్రము పుట్టిన కథ

బస్సులో నిలబడి ప్రయాణము చేసేవారికి రెండు అనుభవములు తప్పవు. బస్సు కదలగానే వెనుకకు తూలుతారు. డ్రైవరు బ్రేకు వేయగానే ముందుకు పడబోతారు. మూడవ అనుభవమొకటి ఉన్నది. అందులో తూలుడు లేదు గనుక దానిని మనము గమనించము. బస్సు చదునైన దారిపై తిన్నగా, ఒకే వేగముతో పోతున్నదనుకొనండి. కూర్చున్నచోటనే ఒక రూపాయి బిళ్ళను పైకి ఎగురవేయండి. అది తిరిగి మీ చేతిలోనే పడుతుంది. బస్సు వేగము గంటకు 36 కిలోమీటర్లయితే సెకనుకు 10 మీటర్లన్నమాట. బిళ్ళ అర సెకను గాలిలో ఉంటే, ఆలోపల బస్సూ, దానితో మీ చేయీ 5 మీటర్లు ముందుకు పోయినవి. అయినా బిళ్ళ వెనుకబడలేదు! ఇది ఎందుకో స్పష్టముగా తెలియుటకు మానవునికి సుమారు రెండు వేల సంవత్సరములు పట్టినది.

క్రీ. శ. 499 ప్రాంతమున ఆర్యభటుడు నక్షత్రములు కదలవనీ, భూమియే తన చుట్టు తాను తిరుగుతున్నదనీ చెప్పాడు. పడవలో ముందుకు పోయేవానికి ఒడ్డున కదలక ఉన్న వస్తువులు వెనుకకు పోతున్నట్లు తోచుటను ఉపమానముగా చూపాడు. తరువాతి శతాబ్దిలో వరాహమిహిరుడు దీనిని ఆక్షేపించాడు. భూమి తిరిగేదే అయితే, ఆకాశమునకు ఎగిరిన పక్షులు మరల తమ గూళ్ళకు ఎట్లు చేరుతాయి?

ఇది తేలికగా తీసివేయదగిన ప్రశ్న కాదు. హైదరాబాదు ఉన్న అక్షాంశమున నేల గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల వేగముతో తూర్పునకు తిరుగుతున్నది. కాకి ఒక్క నిమిషము గాలిలో ఉంటే, ఈ లెక్కన దాని గూడు సుమారు 27 కిలోమీటర్లు దాటిపోవలె. దీనికి జవాబు చెప్పవలెనంటే, ముందుగా చలనమంటే ఏమిటో తెలియవలె.

క్రీ. పూ. 4వ శతాబ్దిలో గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్, కదిలించేది లేనిదే చలనము లేదన్నాడు. ఎద్దులు ఆగితే బండి ఆగుతుంది గదా! మరి విసరిన రాయి చేయి విడిచిన తరువాత కూడ ఎందుకు పోతున్నది? గాలి దానిని నెడుతున్నదన్నాడు. క్రీ. శ. 6వ శతాబ్దిలో అలెగ్జాండ్రియా పండితుడు ఫిలోపోనస్ దీనిని ఒప్పుకొనలేదు. విసరిన చేయి రాతికే ఒక శక్తిని ఇస్తున్నదన్నాడు. 14వ శతాబ్దిలో పారిస్ పండితుడు బురిదాన్ ఈ భావమును పెంపొందించాడు. అయినా అందరి ప్రశ్న ఒకటే: కదిలే వస్తువును కదిలిస్తున్నదేది?

గెలీలియో ఈ ప్రశ్ననే మార్చివేశాడు. వాలు పలకపై దొర్లే గుండు వేగము దిగేటప్పుడు పెరుగుతుంది, ఎక్కేటప్పుడు తరుగుతుంది. పల్లము, మిట్ట రెండూ లేనిచోట, ఒరపిడి కూడ లేకపోతే, వేగము పెరుగనూ వద్దు, తరుగనూ వద్దు. అంటే వేగము మారినప్పుడే కారణము వెదకవలె. 1632లో వెలువడిన తన గ్రంథములో ఆయన, పోతున్న ఓడ స్తంభము పైనుండి విడిచిన రాయి స్తంభము మొదటనే పడుతుందని వాదించాడు. మరుసటి సంవత్సరమే రోములో మతన్యాయస్థానము ఆయనను విచారించి, భూమి తిరుగుతున్నదన్న వాదమును విడనాడుతున్నట్లు ప్రమాణము చేయించినది.

కాని రాయి ఆ తీర్పును లెక్కచేయలేదు. 1640లో ఫ్రెంచి పండితుడు గస్సెండీ మార్సేల్స్ రేవు వద్ద, వేగముగా పోతున్న తెడ్ల ఓడ స్తంభము పైనుండి రాళ్ళు వదలించి చూపాడు. అవి స్తంభము మొదటనే పడినవి. బలమేదీ అడ్డురాకపోతే వస్తువు సరళరేఖలోనే పోతుందని 1644లో డెకార్ట్ స్పష్టపరచాడు. 1687లో న్యూటన్ దీనిని తన మొదటి చలన సూత్రముగా నిలిపాడు. ఉన్న స్థితిని తనంత తాను మార్చుకొనలేని ఈ గుణమే జడత్వము.

వరాహమిహిరుని పక్షికి జవాబు దొరికినది. నేల, గాలి, గూడు, పక్షి అన్నీ ఒకే బస్సులోని ప్రయాణీకులు. బస్సు ఆగినప్పుడు మనలను ముందుకు తోసేవారు ఎవరూ లేరు. నేల ఒరపిడి మన పాదములను ఆపుతుంది. శరీరపు పైభాగము పాత వేగముతోనే పోబోతుంది. కడ్డీని గట్టిగా పట్టుకొన్న చేయి దానిని కూడ ఆపుతుంది.

విద్యార్థులకు ఒక ప్రశ్న. బిళ్ళ గాలిలో ఉండగానే డ్రైవరు బ్రేకు వేస్తే, అది ఎక్కడ పడుతుంది?