తెలుగునాట సేంద్రియాహార ఎంపిక – చారిత్రక నేపథ్యం

సారాంశం: వినియోగదారులు సేంద్రియాహారాన్ని ఎందుకు ఎంచుకుంటున్నారన్న ప్రశ్నకు ఆరోగ్యం, రుచి, పర్యావరణం అనే సమాధానాలు సాధారణంగా వినిపిస్తాయి. ఈ సమాధానాల వెనుక తెలుగు ప్రాంతాల ఆరు దశాబ్దాల వ్యవసాయ చరిత్ర ఉంది. పండించేవారికీ తినేవారికీ మధ్య నమ్మకం సడలిన క్రమాన్ని పరిశీలించి, సేంద్రియాహార ఎంపిక ఆ నమ్మకాన్ని తిరిగి పొందే ప్రయత్నమని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: సేంద్రియాహారం, హరిత విప్లవం, పురుగుమందులు, చిరుధాన్యాలు, ధ్రువీకరణ, వినియోగదారు.

1. ఉపోద్ఘాతం

పత్రికలు, ప్రభుత్వ పత్రాలు ‘సేంద్రియం’ అంటాయి. సంతలో కొనేవారు మాత్రం ‘మందులు కొట్టనివి’ ఉన్నాయా అని అడుగుతారు. ఈ రెండో మాట గమనించదగినది. అది ఆహారంలో ఉన్న గుణాన్ని కాక, ఉండకూడనిదాన్ని చెబుతుంది. మందులు కొట్టడం సాధారణమైన తరువాతే ఇటువంటి మాటకు అవసరం ఏర్పడింది.

పలనాటి జొన్నకూటిని ఈసడిస్తూ శ్రీనాథుని పేర చాటువులు ప్రచారంలో ఉన్నాయి. సన్నబియ్యానికి అలవాటుపడిన నాలుక చేసిన ఫిర్యాదు అది. ఆ కూడు రుచించలేదన్నదే అక్కడి బాధ. తింటే ఏమవుతుందోనన్న శంక ఆ చాటువుల్లో లేదు. ఆహారాన్ని గురించిన ప్రశ్న రుచి నుండి భద్రతకు ఎప్పుడు, ఎందుకు మారిందన్నది ఇక్కడ పరిశీలనాంశం.

2. దిగుబడి పెరిగింది, పొలం దూరమైంది

1960–61లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన సాంద్ర వ్యవసాయ జిల్లాల పథకానికి ఎంపికైన తొలి జిల్లాల్లో పశ్చిమగోదావరి ఒకటి. 1967లో అదే జిల్లాలోని ఆచంటలో నెక్కంటి సుబ్బారావు ఐఆర్–8 వరిని సాగుచేసి అధిక దిగుబడి సాధించారు. దేశం తిండిగింజలకు విదేశాలపై ఆధారపడిన కాలమది. అందువల్ల రసాయన ఎరువులను, కొత్త వంగడాలను ఆనాటి రైతు ఆహ్వానించడాన్ని అవివేకమనడం చారిత్రక దృష్టి కాదు. ఆకలికి అది నిజమైన సమాధానం.

1983లో ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం మొదలైంది. పేదల కంచంలోకి వరన్నం చేరింది. మెట్టప్రాంతాల్లో జొన్న, సజ్జ, కొర్ర వెనుకబడటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. తన చేలో పండని గింజను తినడం మెట్టరైతుకూ అలవాటైంది. తినే గింజ ఎవరి పొలంలోదో, దానిపై ఏమి చల్లారో తెలిసే అవకాశం క్రమంగా పోయింది.

3. భయం ముందుగా రైతుది

1958లో కేరళలో పారాథియాన్ కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా మరణించారు. 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టానికి ఈ విషాదం ప్రేరణ. చట్టం వచ్చినా వాడకం తగ్గలేదు. 1987–88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తిని తెల్లదోమ నాశనం చేసింది. 1997–98లో వరంగల్ జిల్లాలో పత్తి దెబ్బతిన్నది. అప్పుల్లో కూరుకున్న రైతుల ఆత్మహత్యలు రెండు సందర్భాల్లోనూ రాష్ట్రాన్ని కలచివేశాయి. పురుగును చంపడానికి కొన్న మందునే తాగి ప్రాణం తీసుకున్నవారు వారిలో ఎందరో.

పత్తి ఆహారపంట కాదు. కానీ పత్తికి మందు అమ్మిన దుకాణమే మిరపకూ కూరగాయలకూ అమ్మింది. మందుల నుండి బయటపడే ప్రయత్నం కూడా ఈ పల్లెల నుండే వచ్చింది. ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం 2000 తరువాతి తొలి సంవత్సరాల్లో పురుగుమందులను విడిచిపెట్టింది. ఇందులో మహిళా సంఘాల పాత్ర ప్రధానం. ఉమ్మడి వరంగల్ జిల్లా ఏనెబావి 2006లో సేంద్రియ గ్రామంగా ప్రకటించుకుంది. వీరిని కదిలించినవి అప్పు, అనారోగ్యం. అంటే, పట్టణ వినియోగదారు కంటే ముందు ఈ ఎంపిక చేసుకున్నది రైతు కుటుంబాలే.

4. పట్టణ వినియోగదారు – ముద్ర

2003లో శీతలపానీయాల్లో పురుగుమందుల అవశేషాలున్నాయన్న వార్త, 2011లో ఎండోసల్ఫాన్‌పై సుప్రీంకోర్టు నిషేధం పట్టణ మధ్యతరగతికి ఈ భయాన్ని పరిచయం చేశాయి. వినియోగదారుల అధ్యయనాల్లో పర్యావరణం కంటే ఆరోగ్యమే తరచు ముందు నిలుస్తుంది. 2012లో వెలువడిన స్టాన్‌ఫర్డ్ పరిశోధకుల సమీక్ష సేంద్రియాహారంలో పోషకాలు ఎక్కువనడానికి బలమైన ఆధారం లేదని, పురుగుమందుల అవశేషాలు కనబడే అవకాశం మాత్రం తక్కువని తేల్చింది. సంతలోని ‘మందులు కొట్టనివి’ అన్న మాట ఈ నిర్ధారణకు చాలా దగ్గరగా ఉంది.

అయితే అవశేషం కంటికి కనబడదు. కాబట్టి ముద్ర అవసరమైంది. 2001 నుండి అమలైన జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం ప్రధానంగా ఎగుమతుల కోసం రూపొందింది. దేశీయ విపణికి 2017 నాటి ఆహార భద్రతా నిబంధనలు, ‘జైవిక్ భారత్’ ముద్ర వచ్చాయి. వినియోగదారుకు నేరుగా అమ్ముకునే చిన్న రైతుకు ఇవే నిబంధనలు ధ్రువీకరణ నుండి మినహాయింపునిచ్చాయి. ముఖపరిచయం ఉన్నచోట ముద్ర అక్కరలేదని చట్టమే అంగీకరించినట్లయింది.

5. జహీరాబాద్ అనుభవం

1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా సంఘాలు జహీరాబాద్ ప్రాంతంలో బీళ్లను సాగులోకి తెచ్చి, ఆ జొన్నలను పేద కుటుంబాలకే పంచే ప్రత్యామ్నాయ ప్రజాపంపిణీని నిర్వహించాయి. విత్తనాలను ఇళ్లలోనే భద్రపరిచాయి. ఇక్కడ పండించినవారూ తిన్నవారూ ఒక్కరే. సేంద్రియాహారం ధనికుల తిండి అన్న అభిప్రాయానికి ఈ చరిత్ర సరైన సమాధానం.

6. ముగింపు

సేంద్రియాహార ఎంపికను ఆధునిక ఆరోగ్య స్పృహగా మాత్రమే చూస్తే, మందులకు ప్రాణాలు పోగొట్టుకున్న రైతు, చేలో కలుపు తీసిన కూలీ స్త్రీ చరిత్ర నుండి తప్పుకుంటారు. నేడు కొర్రలు పండించే రైతు వాటిని పట్టణానికి అమ్మి, రేషన్ బియ్యంతో వండుకోవలసి వస్తే, వినియోగదారు భయం తీరుతుంది కాని సమస్య తీరదు. వినియోగదారు ఏ కారణంతో కొంటున్నారన్న అధ్యయనాలు, పండించినవారు ఏమి తింటున్నారన్న ప్రశ్ననూ చేర్చుకొన్నప్పుడే సమగ్రమవుతాయి.