వారిసాత ఐల్యు పాఠశాల (1931-1940): విద్యపై సముదాయ పాలన

ఆండీస్ ప్రాంతపు దేశీయ విద్యను గురించిన చర్చల్లో మాతృభాషా బోధనకు దక్కిన ప్రాధాన్యం, పాఠశాలపై అధికారం ఎవరిదన్న ప్రశ్నకు దక్కలేదు. బొలీవియాలోని వారిసాత చరిత్రను ఈ రెండో ప్రశ్నవైపు నుంచి పరిశీలించవలసి ఉంది.

టిటికాకా సరస్సు సమీపంలోని ఈ ఐమరా గ్రామంలో 1931 ఆగస్టు 2న పాఠశాల ప్రారంభమైంది. స్థాపకుల్లో ఎలిసార్దో పెరెస్ ప్రభుత్వం పంపిన విద్యావేత్త. అవెలినో సిన్యాని అంతకు చాలాకాలం ముందునుంచే తనవారి పిల్లలకు చదువు చెబుతూ వచ్చిన ఐమరా ఉపాధ్యాయుడు. అప్పటికి హసియెండాలనే భూస్వామ్య క్షేత్రాల్లో 'పొంగేయాహె' అమలులో ఉండేది. వెట్టి అన్న తెలుగు మాట దీనికి సరిగ్గా సరిపోతుంది.

బంధుత్వం, ఉమ్మడి భూమి, పరస్పర శ్రమ ఆధారంగా ఏర్పడిన సముదాయమే 'ఐల్యు'. పాఠశాల భవనాన్ని గ్రామస్థులే తమ శ్రమతో, పచ్చి ఇటుకలతో కట్టుకున్నారు. తరగతి గది, పనిశాల, పొలం మూడూ బోధనాస్థలాలే. బాలబాలికలు ఐమరా, స్పానిష్ భాషలతోపాటు వడ్రంగం, నేత, సేద్యం నేర్చుకునేవారు. అయితే చేతిపనులు నేర్పడంలో విప్లవమేమీ లేదు. పనితెలిసిన కూలీ హసియెండా యజమానికీ కావలసినవాడే. అతనికి మింగుడుపడనిది 'అమౌతా సభ'. గ్రామ పెద్దలు కూర్చుని పాఠశాల పనులను నిర్ణయించి, పంచుకుని, సమీక్షించుకున్న వేదిక అది. వెట్టిచేసేవారు సభ తీర్చి తీర్మానాలు చేయడం భూస్వామ్య వ్యవస్థకు పాఠ్యాంశాలకంటే ప్రమాదకరంగా తోచింది.

భూస్వాముల వ్యతిరేకత మొదటినుంచీ ఉన్నదే. చివరకు 1940లో ప్రభుత్వమే ఈ ప్రయోగాన్ని ఛిన్నాభిన్నం చేసింది. మరుసటి జనవరిలో సిన్యాని మరణించాడు. వారిసాతపై ప్రధాన కథనం పెరెస్ 1962లో ప్రచురించిన గ్రంథం. అందువల్ల సిన్యాని గురించి మనకు తెలిసినదాంట్లో అధికభాగం సహచరుని మాటల ద్వారానే అందిందన్న సంగతి పరిశోధకులు మరువరాదు.

1953లో భూసంస్కరణ శాసనం వెలువడినదీ ఆగస్టు 2నే. భూమి విషయంలో వచ్చిన ఆ మార్పు చదువులో రాలేదు. 1955 విద్యాస్మృతి దేశీయ భాషలను స్పానిష్ నేర్వడానికి వంతెనగా మాత్రమే గుర్తించింది. 2010 డిసెంబరులో వచ్చిన 070వ విద్యాచట్టం సిన్యాని, పెరెస్‌ల పేర్లు ధరించి, సాంస్కృతికాంతర, బహుభాషా విద్యను ప్రకటించింది. సముదాయ భాగస్వామ్యానికీ, ప్రాంతీయ పాఠ్యప్రణాళికలకూ అందులో చోటుంది. మూల పాఠ్యప్రణాళిక బాధ్యత మాత్రం విద్యామంత్రిత్వ శాఖదే.