మార్లవాయి ముద్దుబిడ్డ గుస్సాడీ కనకరాజు

కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలో మార్లవాయి అనే చిన్న గోండు గూడెం ఉంది. ఊరు చిన్నదే అయినా మన చరిత్రలో దానికి రెండు పెద్ద జ్ఞాపకాలు ఉన్నాయి. ఒకటి చదువుది, రెండోది ఆటది.

1940లో జోడేఘాట్‌లో కుమురం భీం అమరుడయ్యాడు. ఆదివాసీలు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం అప్పుడు నిజాం ప్రభుత్వానికి వచ్చింది. మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ మార్లవాయిలో మనవాళ్ల మధ్యనే నివసించారు. 1943లో అక్కడే గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. ఆ దంపతుల సమాధులు నేటికీ ఆ ఊళ్లోనే ఉన్నాయి.

రెండో జ్ఞాపకం కనకరాజుది. కనక ఆయన ఇంటిపేరు, రాజు ఆయన పేరు. లోకానికి మాత్రం ఆయన గుస్సాడీ కనకరాజు. 1980ల తొలినాళ్లలో, ఇందిరాగాంధీ ప్రధానిగా ఉన్నప్పుడు, ఆయన బృందం ఢిల్లీ గణతంత్ర వేడుకల్లో గుస్సాడీ ఆడింది. మన గూడేలకే తెలిసిన ఆటను దేశం చూసింది. ఆ తర్వాత ఆయన ఎందరో యువకులకు ఆట నేర్పారు. 2021లో కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీ ప్రకటించింది. ఆ ఏడాది నవంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా అందుకున్నారు.

పత్రికలు ఆయనను నృత్య కళాకారుడు అని రాశాయి. అది తప్పు కాదు, కానీ సగం మాటే. గుస్సాడీ మనకు వినోదం మాత్రమే కాదు, దీక్ష కూడా. దీపావళికి ముందు దండారి మొదలవుతుంది. దండేపల్లి మండలం గుడిరేవులో, గోదావరి ఒడ్డున ఉన్న పద్మల్‌పురి కాకోను దర్శించుకుంటారు. గుస్సాడీ వేసినవాడు ఒంటికి బూడిద పూసుకుంటాడు. నెమలి ఈకల టోపీ, జంతు చర్మం, గజ్జెలు, చేతిలో కర్ర ఉంటాయి. దీక్ష ముగిసేదాకా స్నానం చేయడు. గుమేల, డప్పు, పెప్రె మోగుతుంటే దండారి ఒక ఊరి నుంచి మరో ఊరికి వెళ్తుంది. వచ్చినవాళ్లకు ఆ ఊరు అన్నం పెడుతుంది. చుట్టరికాలు కలుస్తాయి, పెళ్లి మాటలు కూడా అక్కడే మొదలవుతాయి. అంటే దండారి ఊళ్లను కలిపి ఉంచే దారం.

కనకరాజు గొప్పతనాన్ని ఇక్కడే చూడాలి. ఆయన ఢిల్లీ వేదిక మీద ఆడిన ఆట మార్లవాయి దండారిలో పుట్టినదే. వేదిక ఆయనకు పేరు తెచ్చింది, కానీ ఆ ఆటను ఆయనకిచ్చింది ఊరు. ఈ వరుస తారుమారైతేనే ప్రమాదం.

ఇప్పుడు నాయకులు వచ్చినా, షాపు తెరిచినా స్వాగతానికి గుస్సాడీ వేషం కావాలంటున్నారు. పది నిమిషాలు గంతులు వేయించి ఫోటోలు దిగుతున్నారు. మన పిల్లలూ వీడియోల్లో అడుగులు చూసి నేర్చుకుంటున్నారు. అడుగు వీడియోలో దొరుకుతుంది. దీక్ష ఎందుకు, ఆ టోపీని ఎలా గౌరవించాలి, వాద్యం మారితే ఆట ఎందుకు మారుతుంది అన్నవి మాత్రం పెద్దల దగ్గరే దొరుకుతాయి. పెప్రె ఊదే ప్రధాన్ తాతలు తగ్గిపోతే ఎన్ని అడుగులు నేర్చుకున్నా దండారి నడవదు.

2024 అక్టోబరు 25న కనకరాజు మార్లవాయిలో కన్నుమూశారు. దీపావళికి ఇంకా వారం కూడా లేదు. ప్రభుత్వం అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది. ఆ గౌరవం మనందరిదీ. కానీ లాంఛనాలతో ఆట బతకదు, ఆడేవాళ్లుంటేనే బతుకుతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, దీపావళి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు దండారిని ఫోన్‌లో బంధించి వచ్చేయకండి. మీ ఊళ్లో గుస్సాడీ వేసినవాళ్ల, గుమేల కొట్టినవాళ్ల, పెప్రె ఊదినవాళ్ల పేర్లు అడిగి నోట్‌బుక్‌లో రాసుకోండి. వాళ్లకు ఎవరు నేర్పారో కూడా అడగండి. మార్లవాయిలో గోండి వాచకాలు తయారు చేసినవాళ్లు మన మాటను కాగితం మీదికి తెచ్చారు. కనకరాజు మన ఆటను దేశం ముందుకు తెచ్చారు. ఆ రెండింటినీ కలపడం చదువుకుంటున్న మీ తరం వంతు.

జై సేవా.