పలక వెనకవైపు

గత నెలలో మా అమ్మాయికి అక్షరాభ్యాసం చేశాం. పలక కోసం నేను హైదరాబాదులో కూర్చుని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే ప్లాస్టిక్‌ది వచ్చింది. మా అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మార్కాపురం పక్కన పుట్టి ప్లాస్టిక్ పలక కొన్నావేంట్రా" అంది. తను గిద్దలూరు నుంచి వస్తూ చెక్క చట్రం ఉన్న రాతిపలక ఒకటి సంచిలో పెట్టుకొచ్చింది. దానిమీదే దిద్దించాం.

ఆ రాత్రి ఊరికే కుతూహలం కొద్దీ మార్కాపురం పలకల గురించి చదవడం మొదలుపెట్టాను. చెన్నకేశవస్వామి గుడి, పలకల గనులు, ఎగుమతులు, ఇవన్నీ కొంత తెలిసినవే. తెలియనిది ఒక సుప్రీంకోర్టు తీర్పులో దొరికింది. 1996 డిసెంబరు 10న ఎం.సి. మెహతా కేసులో వచ్చిన తీర్పు అది. కేసు శివకాశి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల గురించే అయినా, బాల కార్మికుల విషయంలో ముందుగా పట్టించుకోవాల్సిన పరిశ్రమలు తొమ్మిదింటిని కోర్టు పేరుపెట్టి చెప్పింది. సూరత్ వజ్రాలు, ఫిరోజాబాద్ గాజు, మొరాదాబాద్ ఇత్తడి, అలీగఢ్ తాళాలు. ఆ వరసలో మార్కాపురం పలకలు.

అంటే నా వయసువాళ్ళం చాలామంది అ ఆ లు దిద్దిన పలకని, మా ఈడు పిల్లలే ఎవరో చెక్కి, నున్నచేసి, చట్రం బిగించి ఉండొచ్చు. అమ్మని అడిగితే ఆశ్చర్యపోలేదు. "అందరికీ తెలిసిందేగా. ముక్కకింత అని కూలి. ఇంట్లో నాలుగు చేతులుంటే నాలుగు చేతులూ పనిచేసేవి" అంది.

ఈ "నాలుగు చేతులు" అనే మాట దగ్గర నేను ఆగిపోయాను. పిల్లల పని గురించిన చరిత్రని మనం సాధారణంగా పిల్లల వైపు నుంచి చదువుతాం. తల్లిదండ్రుల వైపు నుంచి చదివితే ఏం కనిపిస్తుందో చూద్దామనిపించింది.

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ ఏడాది కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో కలిశాయి. రెండేళ్ళకి దానికి ప్రకాశం పేరు పెట్టారు. ఎటు కలిపినా ఇది అంచునే ఉండే మెట్టప్రాంతం. వాన పడితే పంట, లేకపోతే వలస. ఇలాంటి చోట బిడ్డని కనే మనిషికి ఆసరా అంటే ముందుగా పుట్టిల్లు. తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్ళడం, మూడో నెలో ఐదో నెలో వచ్చేదాకా అక్కడే ఉండటం, పథ్యం, నీళ్ళు పోయడం, పిల్లని ఎత్తుకోవడానికి అత్తలూ పిన్నులూ. మంచి ఏర్పాటే. కాకపోతే పుట్టింట్లో తిండి ఉండాలి, అమ్మ కూలికి వెళ్ళకుండా ఇంటి దగ్గర ఉండగలగాలి. ఆ రెండూ లేనివాళ్ళకి పుట్టిల్లు పేరుకే.

ప్రభుత్వం ఆ చోటులోకి వచ్చింది 1975 అక్టోబరు 2న, దేశమంతటా 33 ప్రాజెక్టులతో మొదలైన ఐసీడీఎస్ ద్వారా. మనకి తెలిసిన మాటలో అంగన్‌వాడీ. గర్భిణులకీ బాలింతలకీ పోషకాహారం, పిల్లలకి టీకాలు, బడికి ముందు చదువు. ఆరేళ్ళు నిండేదాకా. ఆ తర్వాత పిల్లలు బడిలో ఉంటారని పథకం అనుకుంది. పలకల పనిచేసే ఇళ్ళల్లో ఆరేళ్ళ తర్వాత ఎక్కడుండేవాళ్ళో అమ్మ చెప్పింది కదా.

ఆ వయసుని చూసింది కార్మిక శాఖ. 1979లో వేసిన గురుపాదస్వామి కమిటీ, పేదరికం ఉన్నంతకాలం బాల కార్మికుల్ని పూర్తిగా లేకుండా చేయడం కష్టమని చెప్పింది. 1986లో చట్టం వచ్చింది. ప్రమాదకరమైన పనుల్లో 14 ఏళ్ళలోపు పిల్లల్ని పెట్టుకోకూడదంది. కానీ యజమాని తన కుటుంబంతో కలిసి నడుపుకునే పనిచోటుకి మినహాయింపు ఇచ్చింది. ముక్కకింత అని కూలి ఉన్నచోట పని ఇంట్లోకి నడిచి రావడం ఎంతసేపు?

1987లో జాతీయ విధానం ప్రకటించారు. మరుసటేడు జాతీయ బాల కార్మిక ప్రాజెక్టులు మొదలయ్యాయి. అందుకు మొదట ఎంచుకున్న చోట్లలో మార్కాపురం ఒకటి. మన రాష్ట్రం నుంచి జగ్గంపేట పెంకుల పరిశ్రమ కూడా ఉంది. పని మానిన పిల్లలకి ప్రత్యేక పాఠశాలలు, మధ్యాహ్నం భోజనం, నెలకి 100 రూపాయల స్టైపెండు. ఆ వంద రూపాయలు పిల్లవాడి పేర వచ్చినా, నిజానికి ఇంటికి పోయిన కూలికి బదులు. అప్పటికి ఎవరూ ఆ మాట పైకి అన్నట్టు లేదు.

అన్నది 1996 తీర్పు. పిల్లవాడిని పనిలో పెట్టుకున్న యజమాని 20,000 రూపాయలు కట్టాలి. ప్రభుత్వం ఆ ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరికి పని చూపించాలి, చూపించలేకపోతే 5,000 కలపాలి. ఆ మొత్తం మీద వడ్డీ తల్లిదండ్రులకి, పిల్లవాడు బడికి వెళ్తున్నంతకాలం. నేను ఇంజనీర్ని, లెక్క వేయకుండా ఉండలేను. 25,000కి ఏడాదికి పది శాతం వడ్డీ అనుకున్నా నెలకి 208 రూపాయలు. దాంతో ఇల్లు గడవదు. అయినా నాకు ఆ తీర్పు పెద్దదిగానే కనిపిస్తోంది. పిల్లవాడు బడికి పోవాలంటే ముందు వాళ్ళ నాన్నకో అమ్మకో పని ఉండాలి అని ఒక అధికారిక కాగితం ఒప్పుకుంది.

ఆ ఆలోచన ఇంకో రూపంలో 2020 జనవరిలో మన రాష్ట్రంలో తిరిగొచ్చింది. పిల్లల్ని బడికి పంపే తల్లికి ఏడాదికి 15,000 ఇస్తామన్న అమ్మ ఒడి. ప్రభుత్వం మారాక 2025లో తల్లికి వందనం అయి, ఎంతమంది పిల్లలుంటే అంతమందికి అయింది. ఒకటో తరగతి నుంచి ఇంటర్ దాకా. రాజకీయం ఎలా ఉన్నా, గర్భం నుంచి పదిహేడేళ్ళ దాకా గీత గీస్తే ఇప్పుడు కాగితం మీద ఖాళీ పెద్దగా లేదు.

ఖాళీ ఉన్నది వేరేచోట. డబ్బు ఇవ్వడానికి హాజరు కావాలి. హాజరు కావాలంటే పిల్ల ఊళ్ళో ఉండాలి. అమ్మానాన్నలు పనికోసం హైదరాబాదో బెంగళూరో పోతే పిల్లని చూసే మనిషి కావాలి. పథకాలు డబ్బు పంపగలుగుతున్నాయి, మనిషిని పంపడం మాత్రం ఒక్క అంగన్‌వాడీకే తెలుసు. ఆ మనిషిని మనం ఎలా చూస్తున్నాం? 1975లో మెట్రిక్ పాసైన కార్యకర్తకి నెలకి 150 రూపాయలు. దాన్ని జీతం అనలేదు, గౌరవ వేతనం అన్నారు. ఇప్పటికీ అదే మాట. 2023 డిసెంబరు 12న మన రాష్ట్రంలో అంగన్‌వాడీలు సమ్మెకి దిగేనాటికి కార్యకర్తకి 11,500, ఆయాకి 7,000. సమ్మె మధ్యలో ఎస్మా ప్రయోగించారు. అత్యవసర సేవ అన్నారు. అత్యవసరమని చట్టం చెప్పిన పనికి జీతం అనే పేరు మాత్రం రాలేదు. 42 రోజులకి సమ్మె ముగిసింది.

మా అపార్ట్‌మెంట్ పక్కన ఇంకో టవర్ లేస్తోంది. సిమెంటు మోసే ఒకావిడ మాట తీరు విని, "ఏ ఊరక్కా?" అన్నాను. తర్లుపాడంట, మార్కాపురం పక్కనే. నాలుగేళ్ళ పిల్లాడు ఇసక కుప్ప మీద ఆడుకుంటున్నాడు. "పెద్దది మా అమ్మ కాడ ఉండాది సార్, ఎనిమిదో తరగతి. ఈడు చిన్నోడని తెచ్చుకున్నా" అంది. 2025 దాకా అమల్లో ఉన్న భవన నిర్మాణ కార్మికుల చట్టం ప్రకారం యాభైమందికి పైగా ఆడవాళ్ళు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లల కోసం ఒక గది, చూసుకునే మనిషి ఉండాల్సి ఉండేది. ఆ చట్టం కూడా 1996దే. అక్కడ ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారని అడిగితే, "పది పన్నెండు మందిమి సార్" అంది. ఆ లెక్క ప్రకారం ఎవరిదీ తప్పు లేదు.

ప్లాస్టిక్ పలక మా ఇంట్లో అలాగే ఉంది, ఒకసారి కూడా రాయలేదు. మర్నాడు తీసుకెళ్ళి ఆ పిల్లాడికి ఇచ్చాను. "పలకా? మా నాయన చిన్నప్పుడు ఇయ్యే చేసేవాడు సార్" అంటూ ఆవిడ దాన్ని తిప్పి వెనక చూసింది.