కవిలెకట్ట విప్పించిన కూలీలు

వెనుకటి దినములలో మన తెలుగు పల్లెలందు కరణముగారి చంకలో నొక కవిలెకట్ట యుండెడిది. ఊరి భూములు, శిస్తులు, బాకీలు సమస్తమును అందులోనివే. ఊరివారి బ్రతుకంతయు ఆ కట్టలో నుండెను గాని, దానిని విప్పి చూచు అధికారము మాత్రము ఊరివారికి లేకుండెను. ఆంధ్రప్రదేశములో కరణీకము 1984లో రద్దయినది. అయినను కవిలెకట్ట గుణము కరణముతో పోలేదు. కాగితము ఎవరి చేత నున్నదో వారిదే మాట యనునది మన దేశమున అనేక రాష్ట్రములకు చెల్లిన సత్యము. ఏ రాజకీయ పక్షమునకును చెందని యొక కూలీల సంఘము, ఆ కట్టను విప్పి చూపుమని తన రాష్ట్ర ప్రభుత్వమును పది సంవత్సరములు నిలదీసినది. అది రాజస్థానములో జరిగిన కథ. దానినే మేము ఈ ప్రసంగమున మనవి చేయదలచితిమి.

1987లో అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ అనువారు రాజస్థానములోని దేవ్ డూంగ్రీ అను చిన్న పల్లెకు వచ్చి, ఒక మట్టియింట కాపురముండిరి. అరుణా రాయ్ గారు పూర్వము ఐ.ఏ.ఎస్. ఉద్యోగము చేసి, 1975లో దానిని విడిచినవారు. శంకర్ సింగ్ గారు బొమ్మలాటతోను, పాటతోను జనమునకు విషయము బోధపరచుటలో నేర్పరి. ఆ సీమ వానలు తక్కువైన సీమ. కరవు వచ్చినప్పుడెల్ల ప్రభుత్వము రోడ్డుపనులు, చెరువుపనులు పెట్టును. ఆ పనులలో, చట్టము నిర్ణయించిన కనీసపు కూలి కంటె తక్కువ పైకము కూలీల చేతికి వచ్చెడిది. ఇదేమని యడిగినచో, "మీరు పని తక్కువ చేసితిరి, కొలతల పుస్తకములో అట్లే యున్నది" అని జవాబు. ఆ పుస్తకము చూపుడనినచో, "అది సర్కారు రహస్యము" అని మరియొక జవాబు.

1990 మే 1వ తేదీన భీమ్ అను ఊర మజ్దూర్ కిసాన్ శక్తి సంగఠన్, అనగా కూలీల, రైతుల శక్తి సంఘము, ఏర్పడినది. మొదట వారు చేసిన నిరాహారదీక్షలు కూలికొరకే. కాని ప్రతి తగవును చివరకు ఆ మూసిన కాగితముకడకు వచ్చి నిలిచిపోవుచుండెను. కాగితము చూడనిదే కూలి రాదని వారికి అప్పుడు బోధపడినది. పండితులు గ్రంథములలో చర్చించెడి సమాచార స్వాతంత్ర్యమునకు ఆ కూలీలు ఈ దారిని, కడుపు చూపిన దారిని, వచ్చిరి.

1994 డిసెంబరు 2వ తేదీన పాలీ జిల్లాలోని కోట్ కిరానా గ్రామమున మొదటి జన సునవాయి, అనగా ప్రజా విచారణ, జరిగినది. ఆ పద్ధతి మిక్కిలి సులభమైనది. ఊరి నడుమ డేరా వేసి, జనులందరును కూర్చుందురు. సర్పంచులను, అధికారులను కూడ రమ్మని పిలుతురు. మధ్యస్థులుగా బయటివారు కొందరుందురు. అప్పుడు మస్టరు రోలును బిగ్గరగా చదువుదురు: ఫలానావాడు ఇన్ని దినములు పని చేసినట్లు, ఇంత కూలి పుచ్చుకొన్నట్లు వ్రాసియున్నది, నిజమేనా? పేరు పిలువబడినవారు లేచి వచ్చి సమాధానము చెప్పవలెను. ఇట్లు చదువగా, ఆ పనిలో కాలు పెట్టనివారి పేర్లు, ఊరు విడిచి వలసపోయినవారి పేర్లు, చనిపోయినవారి పేర్లు కూడ కూలి పుచ్చుకొన్నవారి పట్టీలలో బయటపడినవి. కోట్ కిరానాలో పూర్తియైనట్లు లెక్క వ్రాయబడిన యొక సర్కారు కట్టడము, పైకప్పును తలుపులును లేక మొండిగా నిలిచియుండెను. కాగితమును చదువుటకు ఒక్కరికి అక్షరములు వచ్చిన చాలును. విని తప్పు పట్టుటకు ఊరివారి జ్ఞాపకమే చాలును.

1995 ఏప్రిల్ లోపల ఇట్టి విచారణలు ఐదు జరిగినవి. దస్త్రములు ఈయజాలమని గ్రామసేవకులు సమ్మెకు దిగిరి. 1995 ఏప్రిల్ 5వ తేదీన ముఖ్యమంత్రి భైరోన్ సింగ్ షెఖావత్ గారు పంచాయతీ పనుల దస్త్రముల నకళ్ళు రుసుము చెల్లించినవారి కీయబడునని శాసనసభలో ప్రకటించిరి. ఆ మాట పత్రికలలో వచ్చినది గాని, ఉత్తర్వు మాత్రము రాలేదు. సంఘమువారు ఒక సంవత్సరము వేచి చూచిరి.

1996 ఏప్రిల్ 6వ తేదీన వారు బ్యావర్ పట్టణమున ధర్నాకు కూర్చుండిరి. అవి లోకసభ ఎన్నికల దినములు. సంఘమువారు ఎవరికిని ఓటు వేయుమనలేదు, "మా డబ్బు, మా లెక్క" అని మాత్రమే యనిరి. ఊరివారు కూరలు, పిండి, పైకము తెచ్చి యిచ్చిరి. నడుమ ప్రభుత్వము ఒక మెట్టు దిగి, దస్త్రములు చూడవచ్చును, చేతితో వ్రాసికొనవచ్చును గాని, ఫొటోస్టాట్ నకలు మాత్రము ఈయమనినది. సంఘమువారు దీనిని ఒప్పుకొనలేదు. చేతివ్రాత నకలును అధికారి రేపు కాదనవచ్చును, అసలు కాగితపు ఫొటో నకలును కాదనుట కష్టము. నలువది దినముల పిమ్మట ఒక కమిటీ వేయుదుమని ప్రభుత్వము చెప్పగా ధర్నా ముగిసినది.

కమిటీ వలనను ఫలము కానరాలేదు. 1997లో సంఘమువారు జైపూరు నగరమున మరల కూర్చుండిరి. ఈసారి ఏబదిమూడు దినములు. కడపట జులై నెలలో ప్రభుత్వము చెప్పిన మాట వింతయైనది. నకళ్ళు పొందు హక్కును గూర్చిన ఉత్తర్వు 1996 డిసెంబరు చివరనే గెజెటులో పడినదట! లెక్క తెలిసికొను హక్కు నిచ్చెడి ఉత్తర్వే, ఆరు నెలలకు పైగా, దానిని కోరినవారికి తెలియకుండ పడియుండినది. రహస్యము ఒక్క సర్పంచు దుర్బుద్ధి కాదనియు, పాలనకే పట్టిన అలవాటనియు చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము వలదు.

షెఖావత్ గారిది భారతీయ జనతా పార్టీ. 1998 డిసెంబరులో కాంగ్రెసు వచ్చి, అశోక్ గెహ్లాట్ గారు ముఖ్యమంత్రియైరి. సంఘమువారి కోరిక మారలేదు, అడిగిన తీరును మారలేదు. పక్షమునకు ఓటు కావలెను, వీరికి లెక్క కావలెను. అందుచేతనే ఎదుటి పక్షమువారు పంపిరని వీరిని త్రోసివేయుట ఏ ప్రభుత్వమునకును సులభము కాలేదు. 2000లో రాజస్థాన శాసనసభ సమాచార హక్కు చట్టమును చేసినది. 2001 జనవరి 26 నుండి అది అమలులోనికి వచ్చినది. తమిళనాడు, గోవా రాష్ట్రములు 1997లోనే ఇట్టి చట్టములు చేసియుండెను గాని, కూలీలు అడిగి తెచ్చుకొన్న చట్టమను విశేషము రాజస్థానమునకే కలదు. 1996లో ఢిల్లీలో ఏర్పడిన జాతీయ ప్రచార సమితి కృషిచే ఇదే కోరిక దేశమంతట వ్యాపించి, 2005 అక్టోబరు 12 నుండి కేంద్ర చట్టము అమలులోనికి వచ్చినది.

కాగితము బయటపడినంత మాత్రమున పోయిన పైకమంతయు తిరిగివచ్చెనని మేము చెప్పజాలము. జనుల యెదుట తప్పొప్పుకొని పైకము తిరిగి చెల్లించిన సర్పంచులు కొందరు కలరు. కాని దేశమున అనేకచోట్ల నేరము రుజువైనను శిక్ష పడలేదు. లెక్క అడిగినందుకు దెబ్బలు తినినవారును, ప్రాణములు కోల్పోయినవారును కలరు. చట్టము దారి చూపును గాని, నడచువాని కాలిలోని ముల్లును తీయదు.

ఈ కథకు మన తెలుగు నేలతోడను బంధుత్వము కలదు. 2006 ఫిబ్రవరి 2వ తేదీన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైనది. ఆ పనులను గ్రామసభ తనిఖీ చేయవలెనని ఆ చట్టములోనే యుండెను. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము రాజస్థానపు సంఘము అనుభవమును తోడుగా గైకొని, అదే సంవత్సరమున సామాజిక తనిఖీలు మొదలుపెట్టినది. 2009లో వానికై ప్రత్యేకముగా నొక సంస్థను నెలకొల్పినది. కోట్ కిరానాలో డేరాక్రింద చదివినట్లే మన పల్లెలలోను మస్టరు రోలును చదివిరి. తన పేరు విని, తాను పుచ్చుకొనని కూలిని పుచ్చుకొనలేదని లేచి చెప్పుటకు తెలుగు కూలికిని తావు దొరకినది.

కరణముగారి చంకలోని కట్ట ఇట్లు ఊరి నడుమకు వచ్చినది. దానిని మరల కట్టివేయుటకు చేతులు ఎప్పుడును సిద్ధముగానే యుండును. విప్పియుంచుట ఊరివారి పని.